గురిపందెమున స్త్రీ

తుపాకి యనగానే మనకు వేటయు యుద్ధమును స్ఫురించును. గురిపందెములలో వాడెడి చిన్న రైఫిలు వేఱు. దాని గుండు వెడల్పు 5.6 మిల్లీమీటర్లు. నేటి పందెములలో 50 మీటర్ల దూరమున నుంచు లక్ష్యముయొక్క నడిమి వలయము మన చిటికెనవ్రేలి గోరంత. దానిని కొట్టుటకు భుజబలముతో బనిలేదు. ఊపిరి నిలిపి, చేయి చలింపక, మీటను మెల్లగా నొక్కవలెను. పాకము తీగకు వచ్చువఱకు కన్నార్పక చూచు నిల్లాలికి ఈ యోర్పు క్రొత్త గాదు.

1976 లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలయందు ఈ పోటీ స్త్రీపురుషులకు గలిపియే జరిగినది. పరుండియు, మోకాలిపై నానియు, నిలువబడియు 40 గుండ్ల చొప్పున కాల్చవలెను. అమెరికా దేశస్థులగు మార్గరెట్ మర్డాక్, లానీ బాషమ్ అను నిరువురకును 1200 కు 1162 వచ్చినవి. నిబంధనల ననుసరించి గుండ్ల లెక్కను బరిశీలించి బాషమునకు స్వర్ణమును, ఆమెకు రజతమును నిచ్చిరి. బహుమాన సమయమున నాతడామెను దన మెట్టుపైకే చేర్చుకొనెను. ఒలింపిక్ గురిపందెములలో పతకమందిన మొదటి స్త్రీ యామెయే.

1984 లో స్త్రీలకు వేఱుగ పోటీలు పెట్టిరి. అందుచే బలువురకు పతకములు దొరకుట నిజమే. కాని సోదరీమణులారా, పురుషునితో సరిగా నిలిచిన తావొకటి మూతవడినది గదా! 2010 లో మ్యూనిక్ నగరమున మన దేశపు తేజస్వినీ సావంత్ పరుండి కాల్చు పందెమున 600 కు 597 సాధించి ప్రపంచ విజేత యయ్యెను. అదియు స్త్రీలకు వేఱుచేసిన పోటీయే.