శూన్యనాళిక శ్రవ్యవర్ధకం – నమూనా ఎంపిక

బలహీనమైన ధ్వని సంకేతాన్ని శూన్యనాళికల సాయంతో పెంచి, స్పీకరును పలికించే పరికరాన్ని '''శూన్యనాళిక శ్రవ్యవర్ధకం''' అంటారు. వాడుకలో దీని పేరు వాల్వు యాంప్లిఫయరు. 1970వ దశకం నాటికి ట్రాన్సిస్టరు పరికరాలు దీని స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి. అయినా భాగాలు తక్కువ కావడం, ఒక్కొక్క భాగం చేసే పని విడిగా తెలియడం వలన ఔత్సాహికులు నేటికీ దీనిని ఇంటివద్ద నిర్మించుకొంటున్నారు. నమూనాను ఎంచుకొనేటప్పుడు స్పీకరు, ట్రాన్స్‌ఫార్మరు, ఇంటి విద్యుత్తు, భద్రత అనే నాలుగు అంశాలను కలిపి పరిశీలించాలి.

చరిత్ర

జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ 1904లో రెండు ఎలక్ట్రోడుల నాళికను రూపొందించాడు. 1906లో లీ డి ఫారెస్ట్ మూడవ ఎలక్ట్రోడును చేర్చడంతో సంకేతాన్ని వర్ధనం చేయడానికి మార్గం ఏర్పడింది. తెలుగునాట హైదరాబాదులో 1935లో నిజాం ప్రభుత్వ రేడియో, విజయవాడలో 1948లో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమయ్యాయి. ఈ రెండు నగరాల నడుమ ఉన్న సూర్యాపేట, కోదాడ, అనంతగిరి ప్రాంతంలోనే కాక, అంతటా ఆనాటి రేడియో సెట్లు వాల్వులతోనే పనిచేసేవి. బెంగుళూరులో 1954లో ఏర్పడిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల ఉత్పత్తిని ప్రారంభించింది.

పనిచేసే విధానం

వేడెక్కిన ఋణాగ్రం నుండి ఎలక్ట్రానులు ధనాగ్రానికి ప్రవహిస్తాయి. మధ్యనున్న గ్రిడ్డు మీద వోల్టేజి కొద్దిగా మారినా ఆ ప్రవాహం ఎక్కువగా మారుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవారికి ఇది సులభంగా బోధపడుతుంది: తూము తలుపును కదపడానికి కావలసిన బలం స్వల్పం, దాని గుండా పారే నీరు అపారం.

నాళిక సరిగా పనిచేయాలంటే దాని ఎదుట కొన్ని వేల ఓముల భారం ఉండాలి. స్పీకరు నిరోధం మాత్రం 4 లేక 8 ఓములు. ఈ రెండింటిని జతపరచేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. 5,000 ఓములను 8 ఓములతో భాగిస్తే 625 వస్తుంది. దాని వర్గమూలం 25. అనగా చుట్ల నిష్పత్తి 25:1 ఉండాలి.

ప్రధాన నమూనాలు

'''ఏకనాళిక పద్ధతి:''' ఒక్కొక్క ఛానెలుకు ఒకే అవుట్‌పుట్ నాళిక ఉంటుంది. ఇ.ఎల్.84 పెంటోడు 250 వోల్టులు, 48 మిల్లీఆంపియర్ల వద్ద గరిష్ఠంగా 5.7 వాట్లు ఇస్తుంది. 300బి ట్రయోడు సుమారు 8 వాట్లు ఇస్తుంది గాని దాని వెల ఎక్కువ. ఈ పద్ధతిలో ట్రాన్స్‌ఫార్మరు గుండా ఏకముఖ విద్యుత్తు నిరంతరం ప్రవహిస్తుంది. కోరు సంతృప్తం కాకుండా అందులో సన్నని ఖాళీ విడవాలి.

'''పుష్-పుల్ పద్ధతి:''' రెండు నాళికలు వ్యతిరేక దశలలో పనిచేస్తాయి. వాటి ఏకముఖ విద్యుత్తులు కోరులో పరస్పరం రద్దవుతాయి. సరిసంఖ్యా హార్మోనికులు, సరఫరా నుండి వచ్చే గుర్రుమను శబ్దం తగ్గుతాయి. అయితే సంకేతాన్ని రెండుగా చీల్చే దశ అదనంగా కావాలి. విలియమ్సన్ 1947లో ప్రచురించిన వర్ధకం, ముల్లార్డ్ సంస్థ 1954లో వెలువరించిన '5-10' ఈ కోవకు చెందినవి. రెండవదాని పేరుకు ఐదు వాల్వులు, పది వాట్లు అని అర్థం.

'''ట్రాన్స్‌ఫార్మరు లేని పద్ధతి:''' దీనికి నాళికలు ఎక్కువ కావాలి, వేడి కూడా ఎక్కువ. లోపం ఏర్పడితే ఏకముఖ విద్యుత్తు నేరుగా స్పీకరుకు చేరవచ్చు. తొలి నిర్మాణానికి ఇది తగినది కాదు.

ఎన్ని వాట్లు కావాలి?

దీనిని నిర్ణయించేది స్పీకరు సున్నితత్వం. 1 వాటుకు 1 మీటరు దూరంలో 88 డెసిబెల్‌లు ఇచ్చే స్పీకరు, 5 వాట్లకు సుమారు 95 డెసిబెల్‌లు ఇస్తుంది. 95 డెసిబెల్‌ల సున్నితత్వం గల స్పీకరు అవే 5 వాట్లకు 102 ఇస్తుంది. మొదటి స్పీకరుతో అంత ధ్వని రావాలంటే 25 వాట్లు అవసరం. కనుక వర్ధకం కంటే ముందు స్పీకరును నిర్ణయించుకొనుట మేలు.

వేడి, విద్యుత్తు

ఏకనాళిక పద్ధతిలో పాట లేకున్నా నాళిక పూర్తి విద్యుత్తును తీసుకొంటుంది. రెండు ఇ.ఎల్.84 నాళికలు తంతువులతో కలిపి సుమారు 36 వాట్ల వేడిని విడుదల చేస్తాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో పరికరం చుట్టూ గాలి ఆడేటట్లు చూడాలి; విద్యుద్విశ్లేష్య కెపాసిటర్లను నాళికలకు దూరంగా అమర్చాలి.

తంతువు వోల్టేజి 6.3కు పదిశాతం లోపు ఉండాలి. 220 వోల్టుల ప్రైమరీకి 250 వోల్టులు అందితే తంతువుకు దాదాపు 7.2 వోల్టులు చేరి నాళిక ఆయుష్షు తగ్గుతుంది. 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌ల కొరకు చేసిన విదేశీ ట్రాన్స్‌ఫార్మర్లను మన 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌ల సరఫరాకు నేరుగా కలుపరాదు. మోటారు వైండింగ్ తెలిసిన పనివారు సరైన లెక్క ఇస్తే పవర్ ట్రాన్స్‌ఫార్మరును చుట్టగలరు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో మాత్రం రెండు వైండింగులను పొరలుపొరలుగా ఒకదాని మధ్య ఒకటి చుట్టాలి; అనుభవం లేనిచో పై స్వరాలు క్షీణిస్తాయి.

భద్రత

ఇందులోని 250 నుండి 450 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ప్రాణాంతకం. స్విచ్చి తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో ఆవేశం నిలిచి ఉంటుంది. 100 మైక్రోఫారడుల కెపాసిటరుకు 2 వాట్ల రేటింగు గల 220 కిలోఓముల నిరోధకాన్ని సమాంతరంగా కలిపితే, 300 వోల్టులు సుమారు రెండు నిమిషాలలో 2 వోల్టులకు దిగుతాయి. అయినా మీటరుతో కొలవకుండా చేయి పెట్టరాదు. లోహపు పెట్టెకు ఎర్తు తప్పనిసరి. మూడు రంధ్రాల సాకెట్టు ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్లు కాదు. పల్లెలలోని పలు ఇళ్ళలో ఆ తీగ ఎక్కడికీ చేరదు. ముందుగా ఎలక్ట్రీషియను చేత పరీక్ష చేయించాలి.

తగిన ఎంపిక

చిన్న గది, సున్నితమైన స్పీకరు ఉన్నవారికి ఇ.ఎల్.84 ఏకనాళిక నమూనా తగినది. సాధారణ స్పీకరు ఉన్నవారు అదే నాళికల జంటతో పది వాట్ల పుష్-పుల్ నమూనాను ఎంచుకోవచ్చు. రెండింటిలోనూ ముందు దశకు ఇ.సి.సి.83 వంటి జంట ట్రయోడును వాడవచ్చు. విద్యార్థులు ఈ పనిని అనుభవజ్ఞుల సమక్షంలోనే చేపట్టాలి.