సెప్టెంబరు 30 ‘వరకు’ అంటే ఎంతవరకు?

హోసూరులోనైనా, బరంపురంలోనైనా తెలుగు బడి గురించి మాట మొదలైతే చివరికి వచ్చే ప్రశ్న ఒక్కటే: ‘పిల్లలు ఎంతమంది ఉన్నారు?’ 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉండాలి. అంటే లెక్కలో ఒక్క పేరు జారినా మూడో టీచరును అడిగే ఆధారం పోవచ్చు.

యూడైస్ వివరాలకు చాలా ఏళ్లు సెప్టెంబరు 30 నాటి సంఖ్యనే తీసుకున్నారు. ఒక బడిలో 29వ తేదీకి 58 మంది ఉన్నారనుకుందాం. 30న ఉదయం 11 గంటలకు మరో ముగ్గురు చేరారు. రిజిస్టరు 61 అంటుంది. కంప్యూటరును ‘30 వరకు’ అని అడిగితే 58 అనవచ్చు. ఎందుకు?

మన దృష్టిలో ‘30 వరకు’ అంటే ఆ రోజు బడి మూసేదాకా. ప్రవేశాన్ని తేదీతోపాటు గంట, నిమిషం సహా దాచే డేటాబేస్‌లో ఉత్త తేదీ ఇస్తే, అది 30వ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటలు. ఆ తర్వాతవన్నీ హద్దు బయటే. ఎస్‌క్యూఎల్‌లో ‘బిట్వీన్’ రెండు చివరలనూ కలుపుకుంటుంది కానీ, ఆ రెండో చివర ఈ అర్ధరాత్రే. ఎక్సెల్‌లోనూ సమయం కలిసిన తేదీలకు ఇదే చిక్కు.

మందు తేలిక. ‘30 వరకు’ అనకుండా ‘అక్టోబరు 1 కంటే ముందు’ అని అడగాలి. నెలకు 30 రోజులా, 31 రోజులా అన్న లెక్క అక్కర్లేదు. ఒకే పేరు రెండు నెలల్లోనూ పడదు.

మరో జాగ్రత్త: తేదీని మామూలు అక్షరాలుగా టైపు చేసి దాస్తే కంప్యూటరు ఎడమ నుంచి పోలుస్తుంది. అప్పుడు 05-10-2024 అనేది 30-09-2024 కంటే ముందుదైపోతుంది. తేదీల కోసం ఉన్న గడినే వాడాలి. కుదరకపోతే 2024-09-30 అని ఏడాది, నెల, రోజు వరుసలో రాయాలి.

జాబితా పైకి పంపేముందు మొదటి రోజు, చివరి రోజు పేర్లను రిజిస్టరుతో సరిచూడండి. తల్లిదండ్రులు కూడా ఆ రెండు రోజుల గురించి అడగవచ్చు. అయిదు నిమిషాల పని. దాంతో చివరి రోజు చేరిన పిల్లలూ లెక్కలోకి వస్తారు.