గోడ మీది తీగకు లేబుల్ ఉండదు

కరోనా రోజుల్లో మా వీధిలో తిప్పతీగ పాకని ప్రహరీ లేదు. బోటనీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కదా, ఆకు పట్టుకొచ్చి "ఇది అదేనా మేడంగారూ" అని అడగని ఇల్లాలూ లేదు.

ఒక్క ఆకు చూసి తేల్చడం కష్టం. తమలపాకు పోలికలో ఉండే ఆకులు మన కంచెల మీద బోలెడు. అసలు చిక్కు దాని దాయాదితోనే. తిప్పతీగ శాస్త్రీయ నామం టైనోస్పోరా కార్డిఫోలియా. దాయాది టైనోస్పోరా క్రిస్పా. క్రిస్పా కాడ నిండా బుడిపెలుంటాయి, గిల్లితే పాలు వస్తాయి.

2021లో ముంబై వైద్యులు ఆరుగురి కేసులు ప్రచురించారు. తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్నవాళ్లు వాళ్లంతా. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. వాళ్లు వాడింది క్రిస్పా అయి ఉండొచ్చంది. నా వృత్తికి ఇంపైన వాదన! చెట్టును పోల్చుకోవడం వస్తే ఇక భయమే లేదన్నమాట. కానీ మరుసటి ఏడు హైదరాబాద్ లివర్ నిపుణులూ పాలుపంచుకున్న దేశవ్యాప్త అధ్యయనంలో 43 మంది రోగులు తేలారు. ఆ వైద్యులు వేలు చూపింది కార్డిఫోలియా వైపే.

ఎందుకిలా? రోగనిరోధక శక్తిని రెచ్చగొడుతుందనే కదా మనం దాన్ని తాగేది. కొందరి ఒంట్లో ఆ శక్తి సొంత కాలేయం మీదే తిరగబడే జబ్బు పైకి కనిపించకుండా నిద్రపోతుంటుంది. వారాల తరబడి పరగడుపున పడుతున్న కషాయం దాన్ని తట్టి లేపగలదని వైద్యుల అంచనా. తాగడం మానేశాక చాలామంది కోలుకున్నారు. కొందరు దక్కలేదు.

ఇందుకు ఆయుర్వేదాన్ని తిట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. పాత వైద్యులు మూలికను ఇంత తేలిగ్గా తీసుకోలేదు. వసనాభి దుంపను గోమూత్రంలో నానబెట్టో, పాలలో ఉడికించో శుద్ధి చేశాకే మందులో కలిపేవారు. అలా ఉడికినప్పుడు గుండె లయను చెడగొట్టే అకోనిటిన్ విరిగిపోయి విషం బాగా తగ్గుతుంది. మన ఔషధ నిబంధనల్లో షెడ్యూల్ ఇ-1 అని విషద్రవ్యాల పట్టికే ఉంది: వసనాభి, ఉమ్మెత్త, గన్నేరు, గురివింద, నల్లజీడి... ఇవి కలిసిన ఆయుర్వేద మందు డబ్బా మీద, వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి. గోడ మీది తీగకు డబ్బా ఏది, లేబుల్ ఏది? గ్లాసుడు తాగాలా, రెండు చెంచాలా, ఎన్నాళ్లు? పక్కింటావిడ ఎంత చెబితే అంత.

డాక్టరు "ఏం మందులు వాడుతున్నారు" అంటే మనవాళ్లు బీపీ మాత్ర పేరు చెప్పి ఊరుకుంటారు. కషాయం వాళ్ల లెక్కలో మందు కాదు మరి. ఆకలి చచ్చి, మూత్రం ముదురు పసుపుకు తిరిగి, కళ్లు పచ్చబడితే ఆ కషాయం వెంటనే ఆపాలి. కామెర్లకు ఇంకో పసరు వెతకొద్దు. థైరాయిడ్, కీళ్లవాతం వంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్లూ, ముందే లివర్ జబ్బున్నవాళ్లూ మొదలుపెట్టకముందే డాక్టరును అడగాలి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు తాగిన తీగను వెంట తీసుకెళ్లండి. ఆకొక్కటే చాలదు, కాడ ముక్క, పువ్వుంటే పువ్వు కూడా. పొడి కొని వాడితే ఆ డబ్బానే పట్టుకెళ్లండి.