బెల్లు మోగితే ఎవరికి వినపడాలి?

సంక్రాంతికి ఊరొచ్చిన అబ్బాయి తిరుగు ప్రయాణానికి ముందు అమ్మానాన్నల గుమ్మానికి కెమెరా బెల్లు బిగించి వెళ్తాడు. ఎవరొచ్చినా డాలస్‌లో తన ఫోన్ మోగుతుంది కాబట్టి ఇక బెంగ లేదనుకుంటాడు. నెల తిరక్కముందే కేబుల్ వాళ్లు రూటర్ మార్చి కొత్త పాస్‌వర్డ్ పెడతారు. అంతే, ఖరీదైన ఆ బెల్లు గోడకు అలంకారం.

ఇలాంటి ఏర్పాటును మొదట ఆలోచించింది ఒక నర్సు. పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్, ఉండేది న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో. డ్యూటీకి వేళాపాళా లేదు, పిలిస్తే పోలీసులు చప్పున వచ్చే పేటా కాదు. ఎలక్ట్రానిక్స్ తెలిసిన భర్త ఆల్బర్ట్‌తో కలిసి 1966లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే 1969లో మంజూరైంది. తలుపుకు వేర్వేరు ఎత్తుల్లో కన్నాలు, వాటి వెంట పైకీ కిందికీ జరిగే కెమెరా, లోపలి గదిలో తెర, బయటి మనిషితో మాట్లాడే మైకు, గడియ తీయడానికో మీట, ఆపదలో అలారానికి మరొకటి. తెర ఎక్కడ పెట్టిందో చూడండి. ఇంట్లో ఒంటరిగా ఉన్న మనిషి చేతికందే చోట. మనం దాన్ని తీసుకెళ్లి ఏడు సముద్రాల అవతల ఉన్న కొడుకు జేబులో పెట్టాం.

పెద్దవాళ్లున్న ఇంటికి నా ఓటు పాతకాలపు వైరు డోర్ ఫోన్‌కే. గుమ్మం దగ్గర కెమెరా, లోపల ఏడంగుళాల తెర, మధ్యలో తీగ. దీనికి ఇంటర్నెట్‌తో పనిలేదు. ఇన్వర్టర్ లైనుకు కలిపితే కరెంటు పోయినా పనిచేస్తుంది. రెండో తెర మంచం పక్కన పెట్టించుకోవచ్చు. షాపువాడు టచ్ స్క్రీన్ చూపిస్తాడు, ఒప్పుకోకండి. మా వీధిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు. తడారిన ఆవిడ వేళ్లను ఆ తెర గుర్తుపట్టదు. కొంగుతో తుడిచి మళ్లీ నొక్కేలోపు కొరియర్ కుర్రాడు మెట్లు దిగిపోతాడు. “బెల్లు పెట్టావా, పరీక్ష పెట్టావా నాన్నా?” అని కొడుకునే అడిగారట. నొక్కితే టక్కుమనే పెద్ద బటన్ ఉన్నదే కొనండి. చెవులు సరిగ్గా వినిపించనివారికైతే బెల్లుతో పాటు లైటు వెలిగేది కావాలి.

ఎలక్ట్రిక్ తాళం దగ్గర మాత్రం తొందరపడకూడదు. కరెంటు పోతే కొన్ని రకాలు తెరుచుకుంటాయి, కొన్ని బిగుసుకుపోతాయి. మీరు కొనేది ఏ రకమో అడగండి. ఏదైనా సరే, లోపలి నుంచి చేత్తో తిప్పితే తలుపు రావాలి. ఆ మాట బిల్లు కట్టకముందే తేల్చుకోండి.

ఇంటి లోపల కెమెరాలా? పడగ్గదిలో వద్దే వద్దు. కెమెరా బెల్లులు అమ్మే రింగ్ కంపెనీ ఉద్యోగులు వినియోగదారుల ఇళ్లలోని దృశ్యాలు చూశారన్న ఆరోపణపై అమెరికాలో 2023లో కేసు పడింది. 58 లక్షల డాలర్లు కట్టడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది. అయినా కంపెనీల సంగతి అలా ఉంచి, అమ్మ నడుం వాల్చినప్పుడు ఎవరో చూస్తున్నారంటే ఆవిడకు నిద్ర పడుతుందా? ఉదయం వంటింట్లో అలికిడి లేకపోతే చెప్పే చిన్న మోషన్ సెన్సర్ చాలు. పడిపోతే పసిగట్టే వాచీలూ ఉన్నాయి. యాపిల్ వాచ్‌లో ఆ ఏర్పాటు 2018 నుంచీ ఉంది, కానీ రోజూ చార్జింగ్ పెట్టాలి. అది గుర్తుండని మనిషికి వాచీ ఎందుకు?

అసలు ప్రశ్న వేరే ఉంది. అలారం మోగింది సరే, వచ్చేదెవరు? డాలస్ నుంచి ఎవరూ రాలేరు. రెండిళ్ల అవతల ఒకరి దగ్గర మారుతాళం ఉండాలి. అత్యవసరానికి 112 ఉంది. వృద్ధుల కోసం 14567 కూడా ఉంది కానీ, అది ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే. ఈ రెండింటినీ, పక్కింటివాళ్ల నంబరునూ పెద్ద అక్షరాలతో రాసి తెర పక్కన అంటించండి. ఆ తర్వాత, ఏ బెల్లు కావాలో అమ్మనే షాపుకు తీసుకెళ్లి నొక్కి చూడమనండి.