లైసెన్సు ఉంది, విమానం లేదు

విమానయాన సంస్థ మూతపడినప్పుడు పైలట్లు కోల్పోయేది జీతం ఒక్కటే కాదు, చేతిలోని లైసెన్సు కూడా ఆ రోజు నుంచే కొద్దికొద్దిగా విలువ కోల్పోవడం మొదలవుతుంది. ఉపాధ్యాయులో అకౌంటెంట్లో ఏడాదిపాటు ఖాళీగా ఉన్నా వారి అర్హతకు ఢోకా ఉండదు గాని, ప్రయాణికులతో విమానం నడపాలంటే గడచిన 90 రోజుల్లో కనీసం 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగ్‌లు చేసి ఉండాలన్న నియమం పైలట్లకు ఉంది. దీనికి తోడు ‘టైప్ రేటింగ్’ అనే మరో బంధనం ఉంటుంది. ఒక్కో రకం విమానానికి విడిగా శిక్షణ పొంది లైసెన్సుపై నమోదు చేయించుకునే అనుమతి అది. అందువల్ల ఒక రకం నడిపినవారు మరో రకం కాక్‌పిట్‌లోకి నేరుగా వెళ్లలేరు.

ఈ బంధనం ఎంత బలమైనదో తెలుగు నేల మీద పుట్టి మూతపడిన రెండు సంస్థల చరిత్ర చూస్తే తెలుస్తుంది. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో మొదలైన ఎయిర్ కోస్టా ఎంబ్రాయర్ జెట్లను నడిపి, 2017 ఫిబ్రవరిలో ఆగిపోయింది. అప్పట్లో దేశంలోని పెద్ద సంస్థలు ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 రకాలమీదే ప్రధానంగా ఆధారపడి ఉండడంతో ఎంబ్రాయర్ రేటింగ్‌కు గిరాకీ లేకపోయింది; మళ్లీ లక్షలు పోసి కొత్త రేటింగ్ సంపాదించడం తప్ప దగ్గరి దారి కనిపించలేదు. హైదరాబాద్ కేంద్రంగా 2015 జులైలో ఎగిరిన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో నిలిచిపోయినా, అది నడిపింది ఏటీఆర్ 72 విమానాలను. ఆ రకాన్నే ఇండిగో, అలయన్స్ ఎయిర్ కూడా నడుపుతుండడం వల్ల ఆ రేటింగుకు విలువ నిలిచింది. ఇద్దరు పైలట్ల ప్రతిభ సమానమే అయినా, ఉద్యోగం పోయిన తర్వాత వారి దారులను నిర్ణయించేది చాలావరకు వారు నడిపిన విమానమే. శిక్షణకు డబ్బు కట్టేముందు ఈ సంగతి తెలిసిన కుటుంబాలు మన దగ్గర తక్కువ.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు ఈ విషయం దూరమైనది కాదు. నాగార్జునసాగర్ కుడిగట్టున విజయపురి సౌత్‌లోని ఎయిర్‌స్ట్రిప్ నుంచి లేచే శిక్షణ విమానాలు కృష్ణ దాటి పెద్దవూర మండల పల్లెల మీదుగా తిరగడం అక్కడివారికి అలవాటే. 2022 ఫిబ్రవరి 26న అదే మండలంలోని తుంగతుర్తి దగ్గర పొలాల్లో ఒక శిక్షణ విమానం కూలి ట్రైనీ పైలట్ మరణించినప్పుడు ఈ చదువులోని ప్రాణభయం అందరికీ తెలిసివచ్చింది గాని, ఇందులోని ఉపాధి ప్రమాదం గురించి అంతగా మాట్లాడుకోలేదు. వాణిజ్య లైసెన్సుకు కావలసిన 200 గంటల శిక్షణకు, ఆపై టైప్ రేటింగ్‌కు కలిపి అయ్యే ఖర్చు మధ్యతరగతి రైతు కుటుంబం మోయగలిగింది కాదు. విద్యారుణం 7.5 లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి పూచీ అడుగుతాయి. సాగుభూమిని అన్ని బ్యాంకులూ తనఖాకు ఒప్పుకోవు గనుక చౌటుప్పల్ దగ్గరి ప్లాటో, షాద్‌నగర్ దగ్గరి ఇల్లో కాగితాల్లోకి ఎక్కుతుంది, లేదా పొలమే అమ్ముడుపోతుంది. కాబట్టి సంస్థ మూతపడిన నెల నుంచే కిస్తీ భారం ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల మీద పడుతుంది.

అలాంటి సమయంలో ముందుగా చేయవలసినవి కాగితం పనులే. ఎగిరిన ప్రతి గంటనూ నమోదు చేసుకునే లాగ్‌బుక్కును, సంస్థ కార్యాలయంలో సంతకం పెట్టే అధికారి ఉండగానే ధ్రువీకరించుకోవాలి. తలుపులు మూసుకున్నాక ఆ గంటలను రుజువు చేసుకోవడం చాలా కష్టం. మెడికల్ పరీక్ష గడువు దాటనివ్వకూడదు. బకాయిల విషయానికొస్తే, సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లినప్పుడు, దాని వ్యవహారాలు చూసేందుకు నియమితుడైన రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు గడువులోగా ‘ఫారం డి’ ద్వారా క్లెయిము ఇవ్వాలి. 2019 ఏప్రిల్ 17న ఆగిపోయిన జెట్ ఎయిర్‌వేస్ ఉద్యోగులకు ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ చెల్లించాల్సిందేనన్న తీర్పును సుప్రీంకోర్టు 2023 జనవరిలో నిలబెట్టింది గనుక ఆ హక్కును ఎవరూ వదులుకోనక్కర్లేదు.

కాగితాలకన్నా కష్టమైనది మనసు సంగతి. కుంగుబాటు ఉందని డాక్టరుతో చెబితే ఎక్కడ మెడికల్ అనర్హత వస్తుందోనన్న భయంతో పైలట్లు మౌనంగా ఉండిపోతారు; ఆ మౌనమే జబ్బును ముదరబెడుతుంది. ఇంటిల్లిపాదీ పని కోసం బొంబాయి దాకా వెళ్లి, దొరకని ఏడాది తిరిగివచ్చిన అనుభవం పాలమూరు పల్లెలకు తరతరాలుగా ఉంది, అలా వచ్చినవారిని ఊరు తప్పుపట్టదు. యూనిఫాం వేసుకున్న బిడ్డకు మాత్రం ఆ వెసులుబాటు దక్కడం లేదు. పెళ్లి సంబంధాలు, బంధువుల ఆరాలు, ‘డ్యూటీకి ఎప్పుడు?’ అన్న ప్రశ్న ఇంట్లోంచి బయటికి రానివ్వవు. కేంద్రం నడిపే టెలీమానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు పైలట్ల ఇళ్లలో తల్లిదండ్రుల ఫోన్లలోనూ ఉండాలి.

ఒకప్పుడు వ్యవస్థ ఇంత నిర్దయగా లేదు. నిజాం రాజ్యంలో 1945లో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్ 1953 జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసినప్పుడు, ఆ చట్టమే ఉద్యోగులను కొత్త కార్పొరేషన్‌కు మార్చింది. నేడు పౌర విమానయాన డైరెక్టరేట్ 2017లో తెచ్చిన నియమం ప్రకారం ఉద్యోగం మానదలచిన కెప్టెన్ 12 నెలలు, కో-పైలట్ 6 నెలలు ముందు నోటీసు ఇవ్వాలి. సంస్థే మూతపడితే మాత్రం పైలట్‌కు ఆ నెల జీతం కూడా ఖాయం కాదు. పైలట్ నుంచి ఏడాది హామీ కోరే ప్రభుత్వం, సంస్థల చేత కనీసం 6 నెలల జీతానికి సరిపడా సొమ్మును ముందే బ్యాంకులో జమ చేయించాలి.