టీకా వేయించుకొన్నా జ్వరం వచ్చిందే, మరి డబ్బు దండగేనా?

పోయిన సంవత్సరం ఒక సంఘంలో సర్వసభ్య సమావేశం ముగిసి అందరూ టీ తాగుతూండగా ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. "డాక్టరుగారూ, మా అబ్బాయి పోరు పడలేక పట్నంలో ఫ్లూ సూది వేయించుకొన్నాను. పదిహేను వందలు తీసుకొన్నారు. రెండు నెలలు తిరగకుండానే జ్వరం వచ్చి నాలుగు రోజులు మంచం దిగలేదు. ఆ డబ్బుకు గేదెకు ఒక బస్తా దాణా వచ్చేది కదా!" అన్నారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆయన ప్రశ్న నవ్వి వదిలేసేది కాదు.

నేను పశువుల డాక్టరును. మనుషులకు సూది వేసే పని నాది కాదు. అయినా ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. గాలికుంటు టీకాలకు వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ, "పోయినసారి వేయించాము, అయినా మా గేదె నోట్లో పుండ్లు వచ్చాయి" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అప్పుడు నేను ఆ గేదెను చూపించమంటాను. చాలాసార్లు అది వారం పది రోజుల్లో తేరుకొని మేత మేస్తూ కనబడుతుంది. అదే ఊళ్ళో టీకా వేయని కొట్టంలో గిట్టలు ఊడి, చూలు పోయి, పాలు తప్పిపోయిన పశువులు ఉంటాయి. టీకా పని రెండు విధాలు. ఒకటి, రోగం అసలు రానీయకపోవడం. రెండవది, వచ్చినా ప్రాణం మీదికి రానీయకపోవడం. ఫ్లూ టీకా విషయంలో మొదటి పని సగం సగంగానే జరుగుతుంది. రెండవ పనే దాని అసలు ప్రయోజనం.

ముందుగా ఫ్లూ అంటే ఏమిటో తెలుసుకోవాలి. ముక్కు కారడం, తుమ్ములు, గొంతు గరగర, ఇవన్నీ ఫ్లూ కావు. అది మామూలు పడిశెం. పడిశెం తెచ్చే వైరసులు వేరు. ఫ్లూ వస్తే ఉదయం పాలు పితికిన మనిషి సాయంత్రానికి లేవలేకపోతాడు. హఠాత్తుగా జ్వరం, వణుకు, ఒళ్ళంతా విరగ్గొట్టినట్లు నొప్పులు, పొడిదగ్గు. చాలామంది వారం రోజుల్లో కోలుకొంటారు. కొందరిలో వైరసు ఊపిరితిత్తులలోకి దిగి న్యుమోనియా అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంవత్సరానికి 30 నుండి 50 లక్షల మందికి ఫ్లూ తీవ్రమవుతుంది, 2 లక్షల 90 వేల నుండి 6 లక్షల 50 వేల మంది శ్వాస సంబంధమైన బాధతో చనిపోతారు. 2009 మే నెలలో స్వైన్ ఫ్లూ మన దేశంలో మొట్టమొదట బయటపడింది హైదరాబాదులోనే. 2015లో దేశం మొత్తం మీద 42 వేలకు పైగా కేసులు, దాదాపు 3 వేల మరణాలు నమోదయ్యాయి. అప్పుడు హైదరాబాదు ఆసుపత్రుల ముందు ముక్కులకు గుడ్డలు కట్టుకొని నిలబడిన జనం చాలామందికి గుర్తుండే ఉంటారు.

ఇక మన పెద్దాయన జ్వరం. అది ఫ్లూయేనని ఎవరు చెప్పారు? ఆయన ఏ పరీక్షా చేయించుకోలేదు. వానాకాలంలో మన ఊళ్ళలో డెంగీ ఉంటుంది, టైఫాయిడ్ ఉంటుంది, ఇంకా పేరు తెలియని వైరల్ జ్వరాలు ఎన్నో ఉంటాయి. ఫ్లూ టీకా వీటిలో ఒక్కదానినీ ఆపదు. గొంతువాపు టీకా వేయించి గాలికుంటు వచ్చిందని తిట్టడం ఎంత న్యాయమో ఇదీ అంతే.

సరే, ఫ్లూయే అనుకొందాం. టీకా ఎందుకు ఆపలేదు? దీనికి కారణాలు రెండు. మన గాలికుంటు టీకాలో ఓ, ఏ, ఏషియా-1 అని మూడు రకాల వైరసులు కలుపుతారు. ఒకప్పుడు సి రకం కూడా కలిపేవారు. అది దేశంలో కనబడకుండా పోయాక తీసివేశారు. ఫ్లూ టీకా కూడా అటువంటిదే. ఏ రకంలో హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 అని రెండు, బి రకంలో ఒకటో రెండో కలుపుతారు. బి రకంలో యమగాటా అనే శాఖ 2020 మార్చి తరువాత ఎక్కడా నిర్ధారణగా కనబడలేదు కాబట్టి అది ఇక అక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. చిక్కేమిటంటే ఫ్లూ వైరసు సంవత్సరం తిరిగేసరికి వేషం మారుస్తుంది. ఏ వేషంలో వస్తుందో నెలల ముందే అంచనా వేసి టీకా తయారుచేయాలి. దీనికోసం నిపుణులు సంవత్సరానికి రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ సెప్టెంబరులోనూ కూర్చుంటారు. అంచనా ఒక్కొక్కసారి తప్పుతుంది. 2014-15 చలికాలంలో అమెరికాలో హెచ్3ఎన్2 వేషం మార్చేసింది. ఆ సంవత్సరం టీకా రక్షణ 19 శాతానికి పడిపోయింది. అంచనా బాగా కుదిరిన సంవత్సరాలలో, డాక్టరు దగ్గరకు పోవలసినంత ఫ్లూను టీకా 40 నుండి 60 శాతం వరకు తగ్గిస్తుంది.

రెండవ కారణం శరీరంలోనే ఉంది. భుజానికి వేసిన సూది వల్ల పుట్టే రక్షక పదార్థాలు రక్తంలో తిరుగుతాయి. రక్తం నుండి అవి ఊపిరితిత్తుల లోతులకు బాగానే చేరతాయి, ముక్కు గొంతు పొరలలోకి మాత్రం తక్కువగా చేరతాయి. వైరసు మొదట దిగేది ముక్కులో, గొంతులో. అక్కడ కావలి పలచన. అందుకే దగ్గు, జ్వరం రావచ్చు. ఊపిరితిత్తుల దాకా పోయేసరికి దానికి అడ్డు తగులుతుంది. వీధి గేటు దాటిన దొంగను ఇంటి తలుపు దగ్గర పట్టుకొన్నట్లు అన్నమాట.

ఇది మాటవరసకు చెప్పినది కాదు, లెక్కలున్నాయి. ఆసుపత్రిలో చేరవలసినంత ఫ్లూను టీకా ఎంతవరకు తగ్గిస్తుందో చూసిన అనేక పరిశీలనలను కలిపి 2017లో ఒక సమీక్ష ప్రచురించారు. 18 నుండి 64 ఏళ్ళవారిలో 51 శాతం, 65 దాటినవారిలో 37 శాతం తగ్గిందని అందులో తేలింది. అంటే టీకా లేని నడివయసువారిలో వందమంది ఆసుపత్రి పాలయ్యే చోట, టీకా ఉన్న అంతే జనంలో దాదాపు 49 మంది పాలవుతారు. పెద్దవారిలో రక్షణ తక్కువ. వయసు మీదపడినకొద్దీ శరీరం టీకాకు స్పందించడం మందగిస్తుంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. కాని ఫ్లూ వల్ల చనిపోయేవారిలో ఎక్కువమంది ఆ వయసువారే కాబట్టి, ఆ 37 శాతమే వారికి పెద్ద మేలు.

టీకా వేయించుకొని కూడా ఫ్లూతో ఆసుపత్రిలో చేరినవారి సంగతి ఏమిటి? వీరిలోనే కదా టీకా "తప్పింది"! 2021లో వచ్చిన మరో సమీక్ష వీరినే చూసింది. టీకా లేకుండా చేరినవారితో పోల్చితే, వీరిలో ఐ.సి.యు.లోకి పోవలసిన ముప్పు 26 శాతం, మరణించే ముప్పు 31 శాతం తక్కువ. పాడికి పేరుపొందిన న్యూజిలాండులో 2012 నుండి 2015 వరకు చూస్తే, పెద్దవారు ఫ్లూతో ఐ.సి.యు.లో చేరే ముప్పును టీకా 82 శాతం తగ్గించిందని వచ్చింది. ఐ.సి.యు. దాకా పోయేవారి సంఖ్య ఎప్పుడూ చిన్నది కనుక ఆ 82ను వాగ్దానంగా పట్టుకోవద్దు. దారి మాత్రం ఒక్కటే. జబ్బు ఎంత తీవ్రమైనదో, టీకా విలువ అంత ఎక్కువగా కనబడుతుంది.

శాతాలలో ఒక మాయ ఉన్నది, అదీ చెప్పాలి. ఏ జబ్బూ లేని పెద్దలు వెయ్యిమంది టీకా లేకుండా ఉంటే ఒక సీజనులో సుమారు 23 మందికి నిర్ధారణ అయిన ఫ్లూ వస్తుంది, టీకా ఉంటే 9 మందికి వస్తుందని 2018 నాటి కాక్రేన్ సమీక్ష చెప్పింది. అంటే ఆరోగ్యంగా ఉన్న 71 మంది టీకా వేయించుకొంటే ఒకరికి ఫ్లూ తప్పుతుంది. పాతికేళ్ళ కుర్రవాడు "నాకెందుకు" అంటే నేను గట్టిగా వాదించను. ఇంట్లో అరవై దాటిన తల్లిదండ్రులు, షుగరు, ఉబ్బసం, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భవతులు ఉంటే మాత్రం వాదిస్తాను. గర్భవతికి వేస్తే పుట్టిన బిడ్డకు కూడా మొదటి కొన్ని నెలలు కొంత రక్షణ దొరుకుతుంది.

గుండెజబ్బు మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్లూ అంటే ఊపిరితిత్తుల జబ్బేనని మనవారు అనుకొంటారు. కెనడాలోని ఒంటారియోలో చేసిన పరిశీలన 2018లో వెలువడింది. ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి 7 రోజులలో గుండెపోటు వచ్చే ముప్పు మామూలు కంటే 6 రెట్లు ఉన్నదని అందులో తేలింది. తరువాత 2021లో మరొకటి ప్రచురించారు. అప్పుడే గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో ఉన్న సుమారు 2,500 మందిలో సగం మందికి ఫ్లూ టీకా, సగం మందికి మందులేని సూది వేసి సంవత్సరం పాటు చూశారు. మొత్తం 8 దేశాలు పాల్గొన్నాయి, బంగ్లాదేశ్ కూడా వాటిలో ఉన్నది. మందులేని సూది పడినవారిలో నూటికి 4.9 మంది, టీకా పడినవారిలో నూటికి 2.9 మంది చనిపోయారు. మన సంఘాలలో స్టెంటు వేయించుకొని మాత్రలు మింగుతున్న సభ్యులు ఈ రోజుల్లో తక్కువేమీ కాదు. ఈసారి గుండె డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ఈ టీకా సంగతి అడగండి. ఆయనే చెబుతారని ఎదురుచూడకండి.

సూది వల్ల ఫ్లూ వస్తుందన్న భయం వద్దు. ఈ సూదిలో ఉన్నది చంపిన వైరసు, లేదా దాని ముక్కలు. ఒకటి రెండు రోజులు భుజం నొప్పి, కాస్త ఒళ్ళు వెచ్చబడటం మామూలే. నరాలు చచ్చుబడే ఒక జబ్బు పది లక్షల మందిలో ఒకరిద్దరికి అదనంగా రావచ్చునని చెబుతారు. ఎక్కువ టీకాలు కోడిగుడ్లలో పెంచిన వైరసుతో తయారవుతాయి కాబట్టి, గుడ్డు పడనివారు, ఇదివరకు ఏ టీకాకైనా ఆయాసం వచ్చినవారు ముందే డాక్టరుకు చెప్పాలి.

పాడివారికి తెలియవలసిన కబురు ఇంకొకటి. 2024 మార్చిలో అమెరికాలోని టెక్సాస్, కాన్సాస్ రాష్ట్రాలలో పాడి ఆవులకు పక్షుల ఫ్లూ సోకినట్లు కనుగొన్నారు. ఆవుల పచ్చిపాలలోనే వైరసు దండిగా కనబడింది. పాలు పితికే కొందరు కూలీలకు కూడా సోకింది, ఎక్కువమందికి కళ్ళు ఎర్రబడి తగ్గిపోయింది. మనం చెప్పుకొంటున్న ఏటేటి టీకా ఆ పక్షుల ఫ్లూకు పనిచేయదు. పాశ్చరైజు చేసినా, ఇంట్లో పొంగించి మరగబెట్టినా ఆ వైరసు చస్తుంది. పచ్చిపాలు తాగే అలవాటు ఉన్నవారు మానుకోవడానికి ఉన్న కారణాలకు ఇది మరొకటి తోడు.

ఎప్పుడు వేయించుకోవాలి? మన వైపు ఫ్లూ వానలతో పెరుగుతుంది. టీకా పనిచేయడం మొదలుపెట్టడానికి రెండు వారాలు పడుతుంది, ఆ తరువాత నెలలు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది. అందువల్ల పశువులకు గొంతువాపు టీకా వేయించే రోజులే, అంటే తొలకరికి ముందే, మనుషులకూ తగిన అదను. వానలు పడ్డాక వేయించుకొన్నా పూర్తిగా వృథా కాదు. ప్రతి ఏటా వేయించుకోవాలి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే సార్వత్రిక టీకాలలో ఇది లేదు కాబట్టి ఖర్చు మనదే. ఇంట్లో అందరికీ పెట్టుకోలేమంటే పెద్దవారితో, జబ్బున్నవారితో మొదలుపెట్టండి.

టీకా వేయించుకొన్నాను కదా అని ప్రమాద సూచనలను నిర్లక్ష్యం చేయరాదు. ఆయాసం, ఛాతీలో నొప్పి, పెదవులు నీలం తిరగడం, మనిషి మగతగా ఉండి పొంతన లేని మాటలు మాట్లాడటం, తగ్గిన జ్వరం మళ్ళీ తిరగబెట్టడం, వీటిలో ఏది కనబడినా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఫ్లూకు వాడే ఆసెల్టామివిర్ మాత్రలు జబ్బు మొదలైన 48 గంటలలోపు పడితే ఎక్కువ గుణం చేస్తాయి. జ్వరం, దగ్గు ఉన్న నాలుగు రోజులు పాలు పోయడానికి ఇంట్లో మరొకరిని పంపండి. తెల్లవారుజామున కేంద్రం దగ్గర క్యూలో ఒకరి మీద ఒకరు నిలబడే అలవాటు మనది.

ఎక్కడైనా సంఘం తరఫున డాక్టరును పిలిపించి అందరికీ ఒకేరోజు వేయించదలచుకొంటే కార్యదర్శులు రెండు విషయాలు చూడాలి. కూలరులో పాలు 4 డిగ్రీలకు దించకపోతే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఈ టీకా కూడా కంపెనీ నుండి చేతికి వచ్చేదాకా 2 నుండి 8 డిగ్రీల మధ్యనే ఉండాలి. పాలకంటే ఇది ఒక విధంగా సున్నితం, మంచుగడ్డలకు ఆనుకొని గడ్డకట్టిందంటే పారవేయవలసిందే. రెండవది, పెట్టెమీద ఏ సంవత్సరపు టీకా అని రాసి ఉంటుంది. పోయిన ఏడు మిగిలిన సరుకును తక్కువ ధరకు ఇస్తామన్నా తీసుకోవద్దు.