తలకు రంగా? ప్యాకెట్టు వెనక్కి తిప్పి చూశారా?

పెళ్లి రేపనగా తలకు రంగు వేసుకోవడం మనలో చాలామందికి అలవాటు. చుట్టాలొచ్చి, వంటలయ్యి, పిల్లలు పడుకున్నాక రాత్రి పదింటికి గానీ మన తల మనకు గుర్తు రాదు. కిరాణం కొట్టులో తెచ్చిన చిన్న ప్యాకెట్టు చింపి, గిన్నెలో నీళ్లతో కలిపి, పాత పళ్లుతోమే బ్రష్షుతో పాపట పొడుగునా రాసేస్తాం. తెల్లారేసరికి జుట్టు నల్లగా నిగనిగలాడుతుంది. బాగానే ఉంది. కానీ కొందరికి తలంబ్రాల వేళకు నెత్తి దురద మొదలవుతుంది. అప్పగింతల నాటికి చెవులు ఎర్రబడి, కనురెప్పలు ఉబ్బిపోతాయి. "ఏమైందక్కా, మొఖం గిట్ల ఉబ్బింది?" అని అడిగితే "రెండు రాత్రులు నిద్ర లేదమ్మా" అని సర్దుకుంటారు. నిద్ర లేకపోతే కళ్లు గుంటలు పడతాయి గానీ, నెత్తిమీద నీటి పొక్కులు రావు కదా!

లింగంపేట, ఎల్లారెడ్డి, కామారెడ్డి వైపు ఊళ్లలో పెళ్లిళ్లకూ సద్దుల బతుకమ్మకూ ముందు ఈ ప్యాకెట్లు తెచ్చుకోని ఇల్లు తక్కువ. రంగు వేసుకోవద్దని చెప్పడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. ముప్పయ్యయిదేళ్లకే చెంపలు నెరిస్తే ఆడదానికి ఎన్ని మాటలు పడాలో అందరికీ తెలుసు. మగవాడికి నెరిస్తే పెద్దరికం, మనకు నెరిస్తే ముసలితనం! అందుకని వేసుకునేవాళ్లు వేసుకోండి. ఏది వేసుకుంటున్నారో మాత్రం తెలుసుకుని వేసుకోండి.

ఆ మంట ఎక్కడిది?

బజారులో దొరికే నల్లరంగుల్లో చాలావాటికి నలుపునిచ్చేది పారా ఫినైలిన్ డయామిన్ అనే రసాయనం. పొట్టిగా పి.పి.డి. అంటారు. నూరేళ్లకు పైగా తలరంగుల్లో వాడుతున్నారు. చవక, త్వరగా పట్టుకుంటుంది, తలంటుకున్నా పోదు. దోషమల్లా ఒక్కటే. కొందరి ఒంటికి అసలు పడదు. అమెరికాలోని చర్మ అలర్జీ వైద్యుల సంఘం 2006లో 'ఈ ఏటి అలర్జీ పదార్థం'గా దీన్నే ఎంచింది. అలాంటి గుర్తింపు ఎవరికి కావాలి!

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. "పదేళ్ల నుంచి ఇదే వాడుతున్నా, నాకేం కాలేదు" అంటారు. పదేళ్లు ఏమీ కాకపోయినా పదకొండో ఏట కావచ్చు. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఇక అది జన్మంతా ఉంటుంది. వేసుకున్న వెంటనే కాదు, ఒకటి రెండు రోజులు గడిచాక బయటపడుతుంది కాబట్టి మనం రంగును అనుమానించం. నిన్న తిన్న వంకాయ మీదకు నెట్టేస్తాం.

ఇంకొందరికి దురదా ఉండదు, వాపూ ఉండదు. నుదుటి మీద, కణతల దగ్గర, చెవుల ముందు చర్మం మెల్లగా నల్లబడుతుంది. మంగు మచ్చలనుకుని క్రీముల మీద క్రీములు రాస్తారు. నెలకోసారి వేసే రంగు మానకుండా ఏ క్రీము రాసినా లాభం లేదు. జుట్టు అంచు వెంబడి నలుపు ఎక్కువగా ఉంటే చర్మ వైద్యుల దగ్గర తలరంగు సంగతి తప్పక చెప్పండి.

రంగు అంటించుకున్నాక మంట పుడితే సాయంత్రం దాకా ఓర్చుకోవద్దు. వెంటనే చాలా నీళ్లతో కడిగేయండి. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా ఇంటి వైద్యం చేస్తూ కూచోకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

ఇంకొక మాట రాయక తప్పదు. తలరంగు కడుపులోకి పోయి ప్రాణం మీదికొచ్చిన కేసులు మన రెండు తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల వాళ్లు ఎన్నో చూశారు. గొంతు వాచి ఊపిరి ఆగుతుంది, కండరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆలస్యం చేస్తే బతికించడం కష్టం. అందుకని రంగు సీసాలు, ప్యాకెట్లు స్నానాల గదిలో పౌడరు డబ్బా పక్కన పెట్టకండి. బీరువాలో పెట్టి తాళం వేయండి. చిన్నపిల్లల భయం ఒకటి, కోపంలోనో దుఃఖంలోనో ఉన్న పెద్దవాళ్ల భయం ఇంకొకటి.

'హెర్బల్' అన్నంత మాత్రాన

"మేం అదేం వాడం, హెర్బల్ మెహందీయే" అనేవాళ్లకు అసలు చిక్కు. ప్యాకెట్టు ముందువైపు మైదాకు కొమ్మ, ఉసిరికాయ, ఆకుపచ్చ అక్షరాలు ఉంటాయి. వెనక్కి తిప్పితే, చీమ తలకాయంత అక్షరాల్లో పి.పి.డి. ఉండనే ఉంటుంది. ఒక్కోసారి 1,4 డయామినో బెంజీన్ అన్న పేరుతో ఉంటుంది. రెండూ ఒకటే. 'అమోనియా లేనిది' అని రాసినా మురిసిపోనక్కర్లేదు. అమోనియా వేరు, ఇది వేరు. ఆ అక్షరాలు మీకు కనబడకపోతే బడికెళ్లే పిల్లతో చదివించుకోండి. దాని ఇంగ్లీషు చదువు ఈ విధంగానైనా అక్కరకొస్తుంది.

చదవడం కుదరకపోతే ఒక గుర్తు పెట్టుకోండి. ఇరవై నిమిషాల్లో జుట్టును నల్లగా చేసే మైదాకు లోకంలో లేదు. అసలు మైదాకు ఎన్నడూ నల్లగా పండదు. ఎర్రగానే పండుతుంది. అంగడిలో చేతులకు పెట్టే 'నల్ల మెహందీ' కోన్లలో కూడా తరచు కలిపేది ఈ రసాయనమే. ఆడపిల్ల చేతికి ఒకసారి అది పడకపోతే పెద్దయ్యాక తలరంగూ పడదు.

పి.పి.డి. ఉన్న రంగు ప్యాకెట్ల మీద హెచ్చరిక వేయాలనీ, ముందు చర్మం మీద పరీక్ష ఎలా చేసుకోవాలో ఇంగ్లీషులోనూ ప్రాంతీయ భాషలోనూ రాయాలనీ మన దేశంలో నియమం ఉంది. ఆ కాగితాన్ని మనం ప్యాకెట్టుతోపాటు చింపి పారేస్తాం. అందులో చెప్పేదిదే: చెవి వెనకో మోచేతి లోపలివైపో సబ్బుతో కడిగి, కలిపిన రంగు కొంచెం రాసి ఆరనివ్వాలి. 24 గంటలయ్యాక కడిగి చూడాలి. ఎర్రబడినా, దురద పెట్టినా ఆ రంగు మీకు పనికిరాదు. ఇంకో రోజు కూడా ఆగి చూస్తే మరీ మంచిది. ప్రతిసారీ చేయాలి. కనుబొమలకు మాత్రం ఎప్పుడూ వేయకూడదు, చూపు పోయే ప్రమాదం ఉంది.

మైదాకు ముందు, నీలి తర్వాత

మరి నలుపు కావాలంటే ఏం చేయాలి? దీనికి పాత దారి ఒకటుంది. రెండు ఆకులు కావాలి. ఒకటి మన పెరటి మైదాకు, కోస్తావాళ్లు గోరింటాకు అనేది. రెండోది నీలి ఆకు. ఒకప్పుడు బట్టల అద్దకానికి కడప వైపు నీలి విరివిగా పండించి నీలిమందు ఎగుమతి చేసేవాళ్లు. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలిరంగు బజారులోకి వచ్చాక ఆ పంట వెనకబడింది. ఇప్పుడు తలకు వాడే నీలి ఆకు పొడి తమిళనాడులో దిండివనం వైపు నుంచి ఎక్కువగా వస్తోంది. కామారెడ్డిలో ఆయుర్వేద దుకాణాల్లో అడిగి చూడండి, లేకుంటే హైదరాబాదు నుంచి తెప్పించుకోవచ్చు. తెల్ల బట్టలకు పెట్టే నీలితో మాత్రం దీనికి సంబంధం లేదు. అది తెచ్చి తలకు రాసుకోకండి!

మైదాకు ఇంట్లో ఉంటే కోసి నీడనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే రంగు తగ్గుతుంది. దంచి పలచని గుడ్డలో జల్లించాలి. భుజాల దాకా ఉన్న జుట్టుకు 100 గ్రాముల పొడి చాలు, కుదుళ్లకు మాత్రమే అయితే 50 గ్రాములు. గోరువెచ్చని నీళ్లు, ఒక నిమ్మచెక్క రసం పోసి గరిటజారుగా కలిపి మూతపెట్టాలి. ఎండాకాలమైతే 3, 4 గంటలు, చలికాలమైతే రాత్రంతా నాననివ్వాలి. నూనె లేని పొడి జుట్టుకు పాయలు పాయలుగా తీసి కుదుళ్ల నుంచి పట్టించి, 2 నుంచి 3 గంటలుంచి ఉత్త నీళ్లతో కడిగేయాలి. అద్దంలో చూసుకుని భయపడకండి. తెల్లవెంట్రుకలన్నీ నారింజ రంగులో ఉంటాయి. ఇది సగం పనే.

జుట్టు ఆరాక నీలి పొడి కలపాలి. అదే రోజు ఓపిక లేకపోతే మర్నాడైనా ఫరవాలేదు. మైదాకుకు చేసినట్టు దీన్ని నానబెట్టకూడదు, నిమ్మరసం అసలే వేయకూడదు. గోరువెచ్చని నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి కలిపి 10, 15 నిమిషాలాగి వెంటనే రాసేయాలి. మధ్యలో పాలవాడు వచ్చాడనీ ఫోను మోగిందనీ లేచారా, గిన్నెలోనే దాని సత్తువ పోతుంది. ఈ ఆకులోని సారం వెంట్రుకలోకి దిగి, అక్కడ గాలి తగిలి నీలంగా మారుతుంది. మైదాకు ఎరుపు మీద ఈ నీలం కలిస్తే నలుపు. ఆరిపోకుండా ప్లాస్టిక్ కవరు చుట్టుకుని గంట, గంటన్నర ఉంచి, షాంపూ లేకుండా నీళ్లతో కడగాలి. మొదట కాస్త ఆకుపచ్చగా కనిపించవచ్చు. 24 నుంచి 48 గంటల్లో నల్లబడుతుంది. అందుకని ముహూర్తానికి ముందురోజు కాకుండా నాలుగు రోజుల ముందే పెట్టుకోవాలి.

ఆకులే అయినా మొదటిసారి వీటినీ చెవి వెనక రాసి చూసుకోండి. మిగిలిన మైదాకు కదా అని చంటిపిల్లల ఒంటికి దండిగా పూయవద్దు. జీ సిక్స్ పీడీ అనే లోపం పుట్టుకతో ఉన్న పిల్లల్లో దీనివల్ల ఎర్ర రక్తకణాలు చిట్లిపోయే ప్రమాదం ఉంది.

ఇంత పని మావల్ల కాదు, రోజుకిన్ని బీడీలు చుట్టుకోవాలి, పిల్లల్ని బడికి పంపాలి అంటారా? నిజమే, సగం రోజు పడుతుంది. తెల్లవెంట్రుకలు పదీ ఇరవై మాత్రమే ఉన్నవాళ్లు నీలి జోలికి పోనక్కర్లేదు. మైదాకును ఇనుప మూకుడులో కలిపి, అందులో కరక్కాయ పొడి, ఉసిరిక పొడి చెరో రెండు చెంచాలు వేసి రాత్రంతా ఉంచితే ఎరుపు తగ్గి గోధుమ ఛాయ వస్తుంది. కరక్కాయ, ఉసిరికలోని వగరు ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. మన కలంకారీ పనివాళ్లు నల్ల గీతలు గీసేది ఇదే సూత్రం మీద. గుడ్డను కరక్కాయ పాలలో ముంచి, ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టిన కసిమితో గీస్తారు. గుడ్డ మీద నిలిచినంతగా తల మీద ఈ నలుపు నిలవదు. తలంటుకున్నకొద్దీ పోతుంది.

పొలం గట్ల మీద మొలిచే గుంటగలగరాకు సంగతీ చెప్పాలి. దాని రసం నువ్వులనూనెలో వేసి తేమ పోయేదాకా కాచి రాసుకుంటే జుట్టు మెత్తగా, మెరుపుగా ఉంటుంది. అంతవరకే. బయటికొచ్చిన తెల్లవెంట్రుకను ఏ నూనే లోపల్నుంచి నల్లగా చేయలేదు, సీసా మీద ఎన్ని ప్రమాణాలు చేసినా సరే. పాతికేళ్లు నిండకుండానే నెరిస్తే నూనెలు మార్చడం కాదు, బి12, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించండి. బి12 తక్కువై నెరిసినవాళ్లకు మందుతో కొంత తిరిగి నల్లబడవచ్చు. తల్లిదండ్రుల పోలికైతే చేసేదేమీ లేదు.

వేసిన రంగు నిలవాలంటే

నీలి వేశాక రెండు రోజులు తలంటుకోవద్దు. తర్వాత కూడా వారానికి ఒకటి రెండుసార్లు చాలు. బాగా నురగొచ్చే షాంపూలు, వేడివేడి నీళ్లు రంగును లాగేస్తాయి. కుంకుడుకాయ అయితే పలచగా తీసుకుని, తర్వాత కాసిన్ని కొబ్బరినూనె చుక్కలు చివర్లకు రాయండి.

నీళ్ల సంగతి మరీ ముఖ్యం. లింగంపేట అంటే ఊరి మెట్లబావి, నాగన్న బావి గుర్తొస్తుంది. ఈ రోజుల్లో తల పోసుకునేది మాత్రం బోరు నీళ్లే. సబ్బు నురగ రాని ఉప్పునీళ్లయితే జుట్టు గరుకై రంగు వెలిసిపోతుంది. ఆఖరి చెంబు మట్టుకు వాననీళ్లో, కాచి చల్లార్చి తేరిన నీళ్లో పోసుకోండి. నాట్లకూ కలుపుకూ ఎండలో పోయేవాళ్లు కొంగు తలకు చుట్టుకుంటే రంగూ నిలుస్తుంది, తలనొప్పీ తగ్గుతుంది.

జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి మూడు నాలుగు వారాలకు పాపట దగ్గర తెల్లగీత కనిపిస్తుంది. అప్పుడు ఆ గీత మేరకే రెండు ఆకులూ పెట్టండి. ప్రతిసారీ తలంతా పట్టిస్తే చివర్లు మరీ కారునలుపెక్కి అతికించిన జుట్టులా కనబడతాయి. మధ్యలో హఠాత్తుగా ఎక్కడికైనా వెళ్లాల్సి వస్తే పాపట అటునుంచి ఇటు మార్చి తీయండి. చెంపల దగ్గర కాస్త కాటుక పూసుకోవడం మన అమ్మమ్మలకు తెలిసిన ఉపాయమే. వానలో తడవకుండా ఉంటే చాలు!

ఇన్నేళ్లూ బజారు రంగు వేసి ఇక మానేద్దామనుకునేవాళ్లు ఒక్కసారిగా మానితే రెండు రంగుల తల చూసుకోలేక నెలకే మళ్లీ ప్యాకెట్టు తెస్తారు. కుదుళ్లకు ఉత్త మైదాకు మాత్రమే పెడుతూ, చివర్లు రెండు నెలలకోసారి కొంచెం కొంచెం కత్తిరించుకుంటూ పోతే తేడా అంతగా తెలియదు. నడుం దాకా జడ ఉన్నవాళ్లకు ఏళ్లు పడుతుంది, ముడి వేసుకునేవాళ్లకు ఆ తేడా ముడిలోనే దాగిపోతుంది. మిగిలిన నీలి పొడిని గాలి, వెలుతురు తగలకుండా డబ్బాలో బిగించి, తడి చెంచా పెట్టకుండా వాడుకోండి.